మాతృత్వానికి ముందు బరువు శస్త్రచికిత్స

స్థూలకాయం ఉన్న స్త్రీ గర్భధారణకు ముందే బేరియాట్రిక్ శస్త్రచికిత్స, అంటే జీర్ణాశయాన్ని కుదించి లేదా ఆహారం సాగే మార్గాన్ని మళ్లించి బరువు తగ్గించే చికిత్స, చేయించుకోవాలా అన్న ప్రశ్నకు అందరికీ వర్తించే సమాధానం లేదు. స్వీడన్ జాతీయ ఆరోగ్య రికార్డుల ఆధారంగా 2015లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఈ శస్త్రచికిత్స తరువాత గర్భం దాల్చినవారిలో గర్భకాల మధుమేహం 1.9 శాతం కాగా, అంతే స్థూలకాయం ఉండి శస్త్రచికిత్స చేయించుకోనివారిలో అది 6.8 శాతం, అయితే గర్భవయసుకు తగిన ఎదుగుదల లేని శిశువులు మొదటి వర్గంలో 15.6 శాతం, రెండో వర్గంలో 7.6 శాతం ఉన్నారు.

శస్త్రచికిత్స తరువాత బరువు వేగంగా తగ్గే తొలి దశలో ఇనుము, ఫోలేట్, బీ12 విటమిన్ లోపించి గర్భస్థ శిశువు పోషణ దెబ్బతినే ప్రమాదం ఉన్నందున, గర్భధారణను కనీసం 12 నుంచి 18 నెలలు వాయిదా వేయాలని వైద్యులు సాధారణంగా సూచిస్తారు. ఈలోగా సంతాన సామర్థ్యం త్వరగా పుంజుకోవచ్చు, ఆహార మార్గాన్ని మళ్లించే బైపాస్ పద్ధతి తరువాత నోటి ద్వారా వాడే గర్భనిరోధక మాత్రలను శరీరం సరిగా గ్రహించకపోవచ్చు. కనుక మరో గర్భనిరోధక పద్ధతిని ముందే ఎంచుకోవాలి.

వయసుతో అండాల నిల్వ తగ్గుతుంది కాబట్టి 35 ఏళ్లు దాటిన స్త్రీకి ఈ నిరీక్షణ నిజంగానే భారం. అందువల్ల శస్త్రవైద్యులు, ప్రసూతి వైద్యులు, పోషకాహార నిపుణులు కలిసి ఆమెకు లాభనష్టాలను వివరించాలి. పెళ్లయిన ఏడాదికే సంతానం గురించి ఆరా తీసే కుటుంబాలు ఒత్తిడి మాని, తుది నిర్ణయాన్ని ఆమెకే వదలాలి.