బ్యాటరీని నిందించే ముందు

సెల్ఫు కొట్టినప్పుడు కారు కదలకపోతే మనవారి నోట మొదట వెలువడే మాట "బ్యాటరీ పోయింది" అని. దుకాణదారు కూడ ఆ మాటనే బలపరుస్తాడు. కాదనడానికి అతనికి కారణం లేదు గదా! కొత్త బ్యాటరీ వస్తుంది. పది దినాలు బండి హాయిగా నడుస్తుంది. పదకొండవనాడు మళ్లీ అదే మూలుగు. మా యెరుకలోని ఒక కుటుంబంవారు ఈ విధంగా ఒక్క వర్షాకాలంలో రెండు బ్యాటరీలు కొన్నారు. దోషం బ్యాటరీలో లేదు. దానికి అన్నం పెట్టే ఆల్టర్నేటరులో ఉన్నది. ఆ డబ్బు ఎవరి చెమట యో చెప్పనక్కరలేదు. అందుచేత ఈ నెల ఈ సంగతి ముచ్చటించుకొందాము.

నల్లగొండ, కరీంనగరం, వరంగల్లు ప్రాంతాలనుండి తాతల నాడు సాంచాలు నడపడానికి భివండీకి వచ్చినవారి మనుమల యిండ్ల ముందు నేడు కార్లు నిలిచి ఉన్నవి. పద్మనగరంలో చూచినా, అంజూర్ ఫాటా చుట్టుపట్ల చూచినా అంతే. అవన్నీ కొత్తవి కావు. మారుతి 800నే తీసుకొనండి. అది 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో దాని తయారీ ఆగింది. అయినా చక్కగా చూచుకొన్న బండి ఇంకా నడుస్తూనే ఉన్నది. సొంత కారుకు 15 ఏండ్లు నిండిన మీదట పరీక్ష చేయించి రిజిస్ట్రేషను అయిదేసి ఏండ్లకు పొడిగించుకొనడానికి చట్టంలో వీలున్నది. పాత బండిని పోషించుకొనడం చిన్నతనం కాదు, పొదుపు. అయితే ఆ పోషణ తెలిసి చేయాలి.

సాంచా మోటారు ఎరిగినవారికి ఆల్టర్నేటరును బోధపరచడం కష్టం కాదు. మోటారుకు కరెంటు ఇస్తే తిరిగి, బెల్టుతో సాంచాను తిప్పుతుంది. ఆల్టర్నేటరు అందుకు విపర్యయం: ఇంజను బెల్టుతో దానిని తిప్పితే అది కరెంటు పుట్టిస్తుంది. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని ఫారడే మహాశయుడు 1831లో కనుగొన్న ధర్మమే దీనికి మూలం. లోపల తిరిగే భాగం రోటరు. దానికి రెండు చిన్న కార్బన్ బ్రష్షులు కరెంటు అందించి అయస్కాంతంగా చేస్తవి. చుట్టూ కదలకుండా ఉన్న రాగితీగ చుట్టలు స్టేటరు. అక్కడ పుట్టేది అటూ ఇటూ మారే ఏసీ కరెంటు. డయోడులు దానిని ఒకే దిక్కుకు నడిచే డీసీగా మారుస్తవి. రెగ్యులేటరు ఓల్టేజి హద్దు మీరకుండా చూస్తుంది. బ్యాటరీ పని ప్రధానంగా ఇంజనును లేపడమే. ఇంజను లేచిన తరువాత దీపాలకు, వైపర్లకు, హారనుకు కరెంటు పంపేదీ, బ్యాటరీ ఖర్చుపెట్టినది తిరిగి నింపేదీ ఆల్టర్నేటరే.

మన తండ్రులనాటి అంబాసిడర్లలో, ఫియట్లలో డైనమో ఉండేది. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు అది చాలినంత కరెంటు ఇయ్యలేదు. 1960 నాటి క్రిస్లర్ వారి వాలియంట్ కారుతో ఆల్టర్నేటరు సాధారణ కార్లలోకి వచ్చి, క్రమంగా డైనమోను తొలగించింది. అయితే డైనమో పోయినా, దాని కాలపు అలవాటు ఒకటి కొందరు మేస్త్రీలలో మిగిలి ఉన్నది. ఇంజను నడుస్తూ ఉండగానే బ్యాటరీ తీగ ఊడదీసి, "చూడండి, బండి ఆగలేదు, ఛార్జింగు బాగున్నది" అంటారు. ఈ పరీక్షను మాత్రం మీ బండి మీద ఎవరినీ చేయనీయకండి. బ్యాటరీ ఆసరా తొలగిన క్షణంలో ఓల్టేజి ఒక్కసారిగా ఎగిరి డయోడులనూ, ఫ్యూయల్ ఇంజక్షను బండి అయితే దాని కంప్యూటరునూ కాల్చివేయగలదు. మంచి ఆల్టర్నేటరు పరీక్షతోనే చెడిపోతుంది.

ఆల్టర్నేటరు చెప్పకుండా చావదు. తాళం తిప్పగానే బోర్డుమీద బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్రదీపం వెలగాలి. ఇంజను లేవగానే ఆరిపోవాలి. ఆరకపోయినా, నడకలో మినుకుమినుకుమన్నా అది మొదటి హెచ్చరిక. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు హెడ్‌లైట్లు మసకబారి, ఆక్సిలరేటరు తొక్కితే ప్రకాశించడం రెండవది. కీచుమని అరిస్తే బెల్టు జారుతున్నది. ఎడతెగని గురగుర వినబడితే బేరింగు అరిగింది. షెడ్డులో నూరు సాంచాల చప్పుడులో ఏ సాంచా తప్పు పాడుతున్నదో పట్టే చెవి మన జాబర్లకు ఉన్నది. ఆ చెవిని ఒకసారి బానెట్టు దగ్గర పెట్టితే చాలు.

ఇక రుజువు. షెడ్డులో వైర్‌మాను దగ్గర మల్టీమీటరు ఉండనే ఉంటుంది. రాత్రంతా నిలిచిన బండి బ్యాటరీ కొనలమీద పెట్టి చూడండి: 12.4 నుండి 12.7 ఓల్టులు ఉంటే బ్యాటరీలో ఛార్జి చాలినంత ఉన్నది. ఇంజను లేపి చూడండి: 13.8 నుండి 14.5 వరకు రావాలి. హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయరు అన్నీ వేసి, ఇంజనును కొంచెం వేగంగా తిప్పినప్పుడు కూడ 13 పైనే నిలవాలి. ఇంజను నడుస్తున్నా 12.3, 12.1 అని దిగిపోతూ ఉంటే బ్యాటరీకి ఆదాయం లేదు, ఖర్చే ఉన్నదన్నమాట. 15 దాటితే రెగ్యులేటరు చెడినది. అది బ్యాటరీని ఉడికించి చంపుతుంది. తరువాత మీటరును ఏసీకి మార్చి అక్కడే చూడండి. అర ఓల్టు మించి చూపితే డయోడు పోయిందని అనుమానించాలి. షార్టు అయిన డయోడు రాత్రిపూట బ్యాటరీని తాగివేయడం కూడ కద్దు.

రీడింగు తక్కువ వచ్చినంత మాత్రాన ఆల్టర్నేటరుకు మరణశాసనం వ్రాయవద్దు. ముందు బెల్టును బొటనవ్రేలితో నొక్కండి. పాత వి-బెల్టు సుమారు ఒక సెంటీమీటరు లొంగాలి. అద్దంలా మెరుస్తున్నా, పగుళ్లు వారినా మార్చాలి. బ్యాటరీ కొనలమీద తెల్లని పాచి ఉంటే వేడినీటితో కడిగి, ఆరనిచ్చి బిగించాలి. ఆల్టర్నేటరు వెనుక ఉన్న లావుతీగ మొదలునుండి బ్యాటరీ ప్లస్సు వరకు, దీపాలు వేసి ఇంజను నడుస్తుండగా కొలిస్తే 0.3 ఓల్టు మించరాదు; మించితే దోషం తీగలోనో బిగింపులోనో ఉన్నది. ఇంకొక చిత్రం: చాల పాత బండ్లలో రోటరును మేల్కొలిపే మొదటి కరెంటు ఆ ఎర్రదీపం గుండానే పోతుంది. తాళం తిప్పినప్పుడు దీపం అసలే వెలగకపోతే, చిన్న బల్బు మాడినందువల్లనే ఛార్జింగు ఆగి ఉండవచ్చును. ఒక బల్బుతో పోయే జబ్బుకు పెద్ద ఆపరేషను ఎందుకు?

మన ఊరిలో రెండు ప్రత్యేక శత్రువులు ఉన్నవి. ఒకటి సాంచాల నూలుదుమ్ము; అది ఆల్టర్నేటరు గాలిరంధ్రాలలో చేరి గడ్డకట్టితే లోపలి వేడి బయటికి పోదు. రెండవది వర్షాకాలంలో కామ్‌వారీ పొంగి పల్లపు వీధులలో నిలిచే నీరు. చాల బండ్లలో ఆల్టర్నేటరు క్రిందుగా ఉంటుంది. బురదనీటిలో మునిగి వచ్చిన బండికి బేరింగులు, బ్రష్షులు ఒకసారి చూపించుకొనడం మేలు.

బ్రష్షులు, రెగ్యులేటరు, బేరింగులు మార్చడం స్వల్పవ్యయం. మంచి ఆటో ఎలక్ట్రీషియను అక్కడికక్కడే చేస్తాడు. స్టేటరు చుట్టలు నల్లగా మాడి వాసన వేస్తున్నా, బేరింగు కూర్చునే చోటే అరిగినా మొత్తం మార్చడం న్యాయం. కొత్తది గాని, బాగుచేసినది గాని కొనేటప్పుడు పాతదానిని ప్రక్కన పెట్టి ఆంపియర్లు, పుల్లీ గాడి, బోల్టుల చోట్లు, ప్లగ్గు ఆకారం నాలుగూ సరిచూడండి. ఏ ఒక్కటి తేడా ఉన్నా తీసుకొనవద్దు.

మార్చే పని క్రమం ఇది. ఇంజను చల్లారనిచ్చి మొదట బ్యాటరీ మైనస్ తీగ తీయాలి. లావుతీగలో ఎల్లప్పుడూ కరెంటు ఉంటుంది గనుక ఇది తప్పనిసరి. తీగలు ఏవి ఎక్కడివో ఫోనులో ఒక ఫోటో తీసుకొనండి. బిగింపు బోల్టు వదులుచేసి, ఆల్టర్నేటరును ఇంజను వైపు నెట్టి బెల్టు తప్పించి, తీగలు ఊడదీసి, ఇరుసు బోల్టు లాగితే అది చేతికి వస్తుంది. కొత్తదానిని అదే వరుస తిప్పి ఎక్కించాలి. లావుతీగమీది రబ్బరు టోపీ మరువరాదు. మైనస్ తీగ ఆఖరున. బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉంటే ముందుగా బయటి ఛార్జరుతో నింపండి. ఖాళీ బ్యాటరీని నింపే భారమంతా కొత్త ఆల్టర్నేటరుమీద మొదటిరోజే వేయడం మంచిది కాదు. ఇంజను నడిచేటప్పుడు చీరకొంగులు, ఓణీలు, పైపంచెలు బెల్టుకు ఆమడ దూరంలో ఉండాలి. ఈ మాట సాంచాలవారికి వేరే చెప్పాలా?

ఇదంతా ఎందుకంటారేమో! బతుకమ్మకూ పెండ్లిళ్లకూ మనవారు పిల్లాపాపలతో పుణే, షోలాపురం మీదుగా ఊళ్లకు బయలుదేరుతారు. హైదరాబాదుకే సుమారు 700 కిలోమీటర్లు. పగటి ఎండకు వెరచి రాత్రి ప్రయాణం పెట్టుకొంటారు. లెక్క వేయండి. రెండు హెడ్‌లైట్లు 55 వాట్ల చొప్పున 110. అంటే సుమారు 9 ఆంపియర్లు. ఇగ్నిషను, వెనుకదీపాలు, తక్కినవి కలిపి 15 అనుకొందాము. చిన్నకారు బ్యాటరీ 35 ఆంపియర్-గంటలది. కాగితంమీద రెండు గంటల పైచిలుకు వస్తుంది. వయసు మళ్లిన బ్యాటరీ ఒక గంట నిలిచినా గొప్పే. ఆ తరువాత లారీల బాటలో దీపాలు లేని బండి, అందులో నిద్రిస్తున్న పిల్లలు.

కనుక రాత్రిపూట ఎర్రదీపం వెలిగితే "ఇంకొంచెం పోదాము" అనవద్దు. ఏసీ, బ్లోయరు, పాటలు ఆపి, వెలుతురున్న పెట్రోలు బంకుకో ధాబాకో చేరి నిలవండి. ఇంజను వేడి ముల్లు కూడ చూడండి. చాల పాత బండ్లలో నీటిపంపును తిప్పేది ఆ బెల్టే, అది తెగితే ఇంజను కూడ కాలుతుంది. అలాంటప్పుడు బండిని తక్షణమే రోడ్డు ప్రక్కకు తీసి ఆపివేయాలి.

పండుగ ప్రయాణానికి వారం ముందు ఒక ఆదివారం అయిదు నిమిషాలు కేటాయించి ఆ మూడు రీడింగులు తీయండి. తేదీవేసి బండి కాగితాలతోపాటు వ్రాసి ఉంచండి. ఇంటి ఆడపిల్లలకు కూడ మీటరు పట్టడం నేర్పండి. ఇకమీదట ఎవరైనా "బ్యాటరీ పోయింది" అంటే, "ఇంజను నడుస్తుండగా ఎన్ని ఓల్టులు వచ్చినవి?" అని మెల్లగా అడగండి. జవాబు చెప్పగలవాని చేతికే బండి ఇవ్వండి.