రహదారి ముచ్చట్లు: బదిలీ మీద వచ్చిన బండి

విశాఖపట్నం నుండి కోల్‌కతా కార్యాలయానికి ఇటీవల బదిలీ అయి వచ్చిన ఒక యువ సహోద్యోగి ఈ శీర్షికకు ఒక ప్రశ్న పంపినారు. ఆయన వద్ద 350 సీసీ మోటారు సైకిలు ఒకటి ఉన్నది. కొని మూడేళ్ళయినది. దానిని అక్కడే అమ్మివేయడమా, రైలులో తెప్పించుకోవడమా, లేక తానే నడుపుకుంటూ తీసుకురావడమా అన్నది ఆయన సందేహం. ‘అమ్మవద్దని నా మనసు, నడిపి తేవద్దని మా శ్రీమతి’ అని చివర ఒక వాక్యం చేర్చినారు.

ఉత్తరం చదివి నవ్వుకున్న మాట నిజమే. ఆ వెంటనే నా పాత తప్పిదం ఒకటి గుర్తుకు వచ్చి నవ్వు ఆగిపోయినది. దాని సంగతి తరువాత చెబుతాను. ముందుగా ఆయన అడిగినదానికి సూటిగా జవాబు: అమ్మవద్దు. ఈసారికి రైలులో తెప్పించుకోండి. రాబోయే సంక్రాంతికి ఇంటికి వెళ్ళేటప్పుడు నడుపుకుంటూ వెళ్ళండి. ఈలోగా దొరికే నెలలలో బండిని మీ చేతులతో విప్పి, బిగించి తెలుసుకోండి.

రైలులో పంపడం పెద్ద పని కాదు. స్టేషనులోని పార్సిల్ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ పత్రం నకలు, గుర్తింపు కార్డు నకలు ఇవ్వాలి. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసివేయాలి. అద్దాలు విప్పి విడిగా దాచుకోవాలి. హెడ్‌లైటు, ఇండికేటర్లు, ట్యాంకు దెబ్బ తినకుండా గోనెపట్టా చుట్టించాలి. కట్టేవారు తొందరలో ఉంటారు కనుక దగ్గర నిలబడి చూసుకోవడం మంచిది. హౌరాలో బండి దిగిన తరువాత సకాలంలో విడిపించుకోకపోతే అదనపు రుసుము పడుతుంది. ట్యాంకు ఖాళీ గనుక బంకు దాకా తోయడానికి ఒక మిత్రుణ్ణి వెంట తీసుకువెళ్ళండి.

ఇక కాగితాల సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు మొదటి రాష్ట్రపు రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం కావాలి. జీవితకాలపు పన్నులో మిగిలిన భాగాన్ని తిరిగి పొందడానికి అక్కడే వేరుగా దరఖాస్తు చేసుకోవాలి. ఆ పని బదిలీ సామాను సర్దుకుంటున్నప్పుడే మొదలుపెట్టండి. తరువాత ఇక్కడి నుండి ఉత్తరాలు వ్రాస్తూ కూర్చుంటే ఏళ్ళు గడుస్తాయి. మనబోటి ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులను దృష్టిలో పెట్టుకొని 2021లో కేంద్ర ప్రభుత్వం భారత్ సిరీస్ నంబరు ప్రవేశపెట్టినది. ఆ నంబరు ఉన్న బండికి రాష్ట్రం మారినప్పుడల్లా కొత్త నంబరు అవసరం లేదు. పన్ను రెండేళ్ళకొకసారి చెల్లిస్తే చాలును. అయితే ఈ సదుపాయం అన్ని రాష్ట్రాలలో ఒకే తీరున అమలు కాలేదు. మీ నమోదు కార్యాలయంలో విచారించిన తరువాతనే దానిని నమ్ముకోండి.

ఇప్పుడు రోడ్డు విషయానికి వద్దాము. కోల్‌కతా నుండి విశాఖకు సుమారు 880 కిలోమీటర్లు. ఖరగ్‌పూర్, బాలేశ్వర్, భువనేశ్వర్, బరంపురం, శ్రీకాకుళం మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి తిన్నగా తీసుకువెళుతుంది. పాతవారికి ఇందులో చాలా భాగం 5వ నంబరుగానే గుర్తు. 2010లో అంకెలు మారినవి. మన తెలుగువారికి ఈ దారి కొత్తది కాదు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, తిరుగు ప్రయాణంలో కలకత్తా చూసుకొని, జగన్నాథం మీదుగా ఈ తీరం వెంబడే దక్షిణానికి దిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినారు. పరివారం, సవారీలు, బోయీలు, దారిపొడుగునా నదులు. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. పదిహేను నెలలకు పైబడిన ఆ ప్రయాణం ముందు మన రెండు రోజుల నడుము నొప్పి ఏపాటిది!

నదులు మాత్రం అవే. కోలాఘాట్ వద్ద రూపనారాయణ, ఒడిశాలో అడుగుపెట్టినాక సువర్ణరేఖ, తరువాత వైతరణి, బ్రాహ్మణి, కటకం వద్ద మహానది, గంజాం వద్ద ఋషికుల్య, మన వైపు వంశధార, నాగావళి. తెల్లవారుజామున కోల్‌కతా విడిచి, కోలాఘాట్‌లో టీ త్రాగి, ఖరగ్‌పూర్ చేరేసరికి ఆకలి వేస్తుంది. రైల్వే కొలువుల కోసం తరాల క్రిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్ళో అనేకం. సంతలో తెలుగు వినబడుతుంది. నా మట్టుకు నాకు ప్రయాణం అక్కడే సగం పూర్తయినట్లు అనిపిస్తుంది, లెక్కకు ఇంకా ఏడు వందల కిలోమీటర్లకు పైగా మిగిలి ఉన్నప్పటికీ.

2003 సంక్రాంతికి రైలు టిక్కెట్లు దొరకలేదు. నా బుల్లెట్టు 1989లో కొన్నది. తిరువొత్తియూరు కర్మాగారంలో తయారైన పోత ఇనుము ఇంజను, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. శ్రీకాకుళం దాకా బండి మీదనే వెళదామని నేను అన్నాను. మా శ్రీమతి ఒక పూట ఆలోచించి సరే అన్నది. అప్పట్లో స్వర్ణ చతుర్భుజి పనులు ఒడిశాలో ముమ్మరంగా సాగుతున్నవి. రోడ్డు ఒకచోట నాలుగు వరుసలు, మరొకచోట కంకర, ఇంకొకచోట పొలాల ప్రక్కగా మళ్ళింపు. మొదటి రాత్రి భద్రక్‌లో బస చేసినాము.

రెండవ రోజు ఉదయం కటకం దాటుతుండగా ఆమె నా భుజం తట్టి, ‘ఏవండీ, ఇది నిన్నటిలా కొట్టుకోవడం లేదు, కొంచెం చూడరాదూ’ అన్నది. వెనుక కూర్చున్నవారికి ఇంజను చప్పుడేమి తెలుస్తుందని నేను అనుకున్నాను. పెట్రోలులో ఏదో ఉండి ఉంటుందని చెప్పి సాగిపోయినాను. మధ్యాహ్నానికి బండి లాగడం తగ్గినది. సైలెన్సరులో టపటప మొదలైనది. చిలికా సరస్సు ఎడమవైపున కనబడుతూండగా, రంభకు ఇవతల, సూర్యాస్తమయ వేళకు పూర్తిగా ఆగిపోయినది. ఇరవై సార్లు కిక్కు కొట్టినా పలకలేదు. లారీలు దుమ్ము లేపుతూ పోతున్నవి. మళ్ళింపు రోడ్డు గనుక ప్రక్కన నిలబడడానికి కూడా జాగా తక్కువ. ఆమె చీర చెంగు తలకు చుట్టుకొని, మూటను ఒడిలో పెట్టుకొని గట్టు మీద కూర్చున్నది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించినది.

టార్చి వెలుతురులో పాయింట్ల మూత విప్పి చూస్తే సంగతి బోధపడినది. పాయింట్లను తెరిచే చిన్న మడమ వంటి భాగం క్యాము మీద రాసుకొని అరిగిపోయినది. అక్కడ పెట్టవలసిన కాస్తంత గ్రీజు నేను పెట్టలేదు. ఆ మడమ అరిగిన కొద్దీ పాయింట్ల మధ్య సందు మూసుకుపోతుంది, నిప్పురవ్వ బలహీనపడుతుంది, చివరకు ఆగిపోతుంది. ఉండవలసిన సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు. కొలిచే రేకు ఇంట్లో బల్ల సొరుగులో ఉన్నది. కొత్త పాయింట్లు కూడా ఆ సొరుగులోనే ఉన్నవి.

‘మందపాటి కాగితం ఏదైనా ఉన్నదా’ అని అడిగితే ఆమె చేతిసంచి వెతికి నా విజిటింగ్ కార్డు ఒకటి తీసి ఇచ్చినది. ఆమె టార్చి పట్టుకోగా, కిక్కును చేత్తో మెల్లగా త్రిప్పి పాయింట్లు పూర్తిగా తెరుచుకునే చోట ఆపి, మర వదులు చేసి, కార్డు బిగువుగా జారేటంత సందు పెట్టి మళ్ళీ బిగించినాను. మూడవ కిక్కుకు పలికినది. ఆ కార్డు అచ్చు వేయించుకున్న పదేళ్ళలో అది నిజంగా అక్కరకు వచ్చినది ఆ ఒక్కసారే. రాత్రి తొమ్మిది దాటినాక బరంపురం చేరినాము. మరునాడు మధ్యాహ్నానికి ఇల్లు. అక్కడ ఎవరికీ ఆమె ఈ సంగతి చెప్పలేదు. నేనే చెప్పుకున్నాను.

మన సహోద్యోగి బండికి ఈ పాయింట్లు లేవు. 2008 తరువాత కొత్త ఇంజన్లు రాగా పోత ఇనుము ఇంజను క్రమంగా నిలిచిపోయినది. 2020 నుండి అమలైన కాలుష్య ప్రమాణాలతో కార్బొరేటరు కూడా పోయి, ఇంధనం కొలిచి చిమ్మే ఏర్పాటు వచ్చినది. 125 సీసీ దాటిన బండ్లకు చక్రం బిగుసుకుపోకుండా ఆపే బ్రేకులు 2019 నుండి తప్పనిసరి అయినవి. ఇవన్నీ మేలే. కాని రోడ్డు ప్రక్కన విజిటింగ్ కార్డుతో బాగుచేసుకునే రోజులు పోయినవి గనుక బయలుదేరక ముందు చూసుకోవలసిన బాధ్యత పెరిగినదే తప్ప తగ్గలేదు. కిక్కు లేని బండికి బ్యాటరీయే ప్రాణం. దాని తీగల బిగువు, వయసు తెలిసి ఉండాలి. గొలుసును 500 కిలోమీటర్లకొకసారి శుభ్రపరచి నూనె పెట్టాలి. ఎంత వదులు ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. బిగించేటప్పుడు వెనుక చక్రానికి రెండు ప్రక్కలా గీతలు సమంగా ఉన్నవో లేదో చూడాలి. వీటిని మెకానిక్కుకు అప్పగించవద్దని నేను అనను. ఆయన చేస్తూండగా ప్రక్కన కూర్చొని చూడండి, రెండవసారి మీరే చేయండి. పూచికల చక్రమైతే లోపల ట్యూబు ఉంటుంది. ఒక ఆదివారం ఇంటి ముందు చక్రం విప్పి, ట్యూబు తీసి, తిరిగి ఎక్కించండి. ఆ పని మొదటిసారి జలేశ్వర్ దగ్గర చీకట్లో నేర్చుకోవలసిన అగత్యం ఉండకూడదు.

క్లచ్ తీగ విషయంలో దూర ప్రయాణీకులు పాటించే పద్ధతి ఒకటి ఉన్నది. అదనపు తీగను సంచిలో పెట్టుకోకుండా, వాడుకలో ఉన్న తీగ ప్రక్కనే అదే దారిలో పరచి కట్టి ఉంచుతారు. తెగినప్పుడు రెండు కొనలు మార్చుకుంటే సరి. పాత బండ్లు ఉన్నవారికి విడి భాగాల కోసం మల్లిక్ బజార్ ఉన్నది. పార్క్ స్ట్రీట్, ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డు కలిసే చోట ఆ దుకాణాల వరుసలలో ఒక పూట తిరిగితే యంత్రశాస్త్రం సగం వస్తుంది. పాత భాగాన్ని చేతిలో పట్టుకొని వెళ్ళి, ప్రక్కన పెట్టి పోల్చుకొని మరీ కొనండి.

ఊళ్ళో నడపడంలో కోల్‌కతాకు ప్రత్యేకమైన కష్టాలు రెండు. ట్రాములు చాలా దారులలో నిలిచిపోయినా పట్టాలు కొన్ని వీధులలో ఇంకా ఉన్నవి. వానలో తడిసిన పట్టా సబ్బు వంటిది. దాని వెంట ఏటవాలుగా దాటవద్దు. వీలైనంత అడ్డంగా, బ్రేకు ముట్టకుండా దాటండి. రెండవది వాననీరు. ఠన్‌ఠనియా, కాలేజ్ స్ట్రీట్ ప్రాంతాలలో మోకాటి లోతు నీరు నిలవడం ఏటేటా ఉన్నదే. నీటిలో ఇంజను ఆగితే అక్కడే మళ్ళీ స్టార్టు చేయవద్దు. గాలి పీల్చే దారిన నీరు లోపలికి పోయి ఉంటే ఇంజను పాడవుతుంది. మెరకకు తోసుకుపోయి, గాలి వడపోత విప్పి చూడండి.

హెల్మెట్టు లేనివారికి పెట్రోలు పోయరాదని 2016 జూలైలో కోల్‌కతా పోలీసులు నియమం పెట్టినప్పుడు మన కార్యాలయంలోనే కొందరు విసుక్కున్నారు. వెనుక కూర్చునేవారికి కూడా చట్టం హెల్మెట్టు విధించినది. దానిని వారి తలకు సరిపోయేలా వారి చేతనే ఎంపిక చేయించండి. మన పాతది ఇచ్చి సరిపెట్టవద్దు. వెనుక కూర్చునేవారితో రోజుకు 350 కిలోమీటర్లు మించవద్దని నా అభిప్రాయం. గంటకొకసారి దిగి నడవాలి. వెలుతురు ఉండగానే బస చేరాలి. జనవరిలో వంగదేశపు పొగమంచు ఉదయం ఏడు దాటినా విడవదు. మంచులో తొందరపడి సంపాదించే గంట అక్కరలేదు.

మన సహోద్యోగి బండి హౌరాలో దిగగానే నాకు కబురు చేయగలరు. ఆ వచ్చే ఆదివారం ఉదయం మా ఇంటికి తీసుకురండి. గొలుసు శుభ్రం చేసే బ్రష్షు, కొలత రేకులు, నూనె డబ్బా నా వద్ద ఉన్నవి. మీ శ్రీమతిని కూడా వెంటబెట్టుకు రండి. నడిపి తేవద్దన్న ఆమె మాటలో న్యాయం ఉన్నదని మా ఇంట్లో ఒకరు అప్పుడే తీర్పు చెప్పినారు. ఆమెతో మాట్లాడవలసినది చాలా ఉన్నదట.