మాట వెనుక కథ: పొరుగింట దొరికిన రాజు

ఇంగ్లీషువారి ‘కింగ్’, జర్మనుల ‘కోనిగ్’, డచ్చివారి ‘కోనింగ్’, ఐస్‌లాండు వారి ‘కోనుంగుర్’ - ఈ నాలుగింటికీ అర్థం రాజు. నాలుగూ ఒక తల్లి బిడ్డలే. వీటిని సరిపోల్చి, ఆ తల్లి రూపం ‘కునింగజ్’ అని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. సుమారు 2000 సంవత్సరాల క్రితం ఉత్తర ఐరోపాలో వ్యవహారంలో ఉన్న ఆది జర్మానిక్ భాషలోని మాట ఇది.

అయితే ఆ భాషలో వ్రాసిన గ్రంథమేదీ లేదు. కనుకనే ఇటువంటి రూపాల ముందు పండితులు ఒక నక్షత్రపు గుర్తు ఉంచుతారు. లిఖితపూర్వకంగా దొరకలేదు, ఊహించి కూర్చినది అని దాని భావం. 4వ శతాబ్దిలో వుల్ఫిలా గోతిక్ భాషలోకి అనువదించిన బైబిలులో సైతం రాజుకు ‘థియుదాన్స్’ అనే వేరొక పదమే కనిపిస్తుంది.

మరి ఈ ఊహకు సాక్ష్యమేది? అది పొరుగింట దొరికినది. ఫిన్నిష్ భాష జర్మానిక్ కుటుంబానికి చెందినది కాదు. అయినా ఫిన్లాండు వారు నేటికీ రాజును ‘కునింగస్’ అంటారు. ఎస్టోనియా వారిదీ అదే మాట. ఏనాడో ఇరుగుపొరుగు సంబంధాలలో అరువు వచ్చిన పదమిది. పాత ఇంగ్లీషులో ‘క్యునింగ్’ అయి, తరువాత ‘కింగ్’గా కుదించుకుపోయిన మాట, అరువు తెచ్చుకున్నవారి నోట తుది అక్షరంతో సహా నిలిచినది. కన్నబిడ్డలు పోగొట్టుకున్న సొత్తును పొరుగువారు దాచి ఉంచారన్నమాట!

అరువు పోయినచోటల్లా అర్థం మాత్రం ఒకేలా నిలువలేదు. రష్యనులో ఇది ‘క్న్యాజ్’ అయి సామంతప్రభువును, రాకుమారుని సూచించినది. పోలండులో ‘క్షొంత్స్’గానూ, లిథువేనియాలో ‘కునిగస్’గానూ మారి నేడు మతాచార్యునికి పేరైనది.

ఇంతకూ ఈ మాటలో కిరీటం లేదు, ఖడ్గం లేదు. ‘కున్య’ అనగా వంశం. ‘ఇంగజ్’ అనగా దానికి చెందినవాడు. వంశజుడనే అర్థమే కాలక్రమంలో రాజత్వాన్ని సంతరించుకున్నదని పండితుల అభిప్రాయం. బంధువర్గాన్ని తెలిపే ఇంగ్లీషు ‘కిన్’ కూడా ఆ ‘కున్య’ సంతానమే.

ఇంకా వెనుకకు వెళితే, సంస్కృతంలోని ‘జన్’ ధాతువూ, ఈ ‘కున్య’ మూలమూ ఒకటే. జన్మ, జాతి, జనం అనే మాటలు ఆ ధాతువు నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవే. సింహాసనం మీద కూర్చున్న ‘కింగ్’కూ, దాని ఎదుట నిలిచిన ‘జనం’కూ పుట్టిల్లు ఒక్కటే!