తాత ఊరు గొట్టంలో దొరుకుతుందా?

మా తమ్ముడి కొడుకు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి కెలమంగలం వచ్చినప్పుడు సూట్‌కేసులోంచి చాక్లెట్లతో పాటు ఒక చిన్న అట్టపెట్టె తీశాడు. అందులో ఒక ప్లాస్టిక్ గొట్టం. "పెద్దనాన్నా, దీంట్లో గీత దాకా ఉమ్మి ఇయ్యి. మన పూర్వీకులు ఎక్కడివాళ్ళో తెలిసిపోతుంది" అన్నాడు.

ముప్పై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో ఖాతాదారుల్ని సంతకం అడిగాను, వేలిముద్ర అడిగాను, ఫోటోలు అడిగాను. ఉమ్మి మాత్రం ఎవరినీ అడగలేదు!

వాడు తన పరీక్ష ముందే చేయించుకున్నాడట. "దక్షిణ భారతదేశం" అని జవాబు వచ్చింది. ఆ మాటయితే మా వీధి చివర టీకొట్టు వాడు ఉచితంగా చెప్పేవాడు. పై తరం వాళ్ళది కూడా ఉంటే చుట్టరికాలు ఇంకా బాగా దొరుకుతాయని ఇప్పుడు నా మీద పడ్డాడు.

ఈ పిచ్చి వాడికి అంటించింది ఆఫీసులో పక్క సీటతను. మెక్సికో సంతతివాడు. తమది అజ్టెక్ వంశమని వాళ్ళ అమ్మమ్మ చెప్పేదట. పరీక్ష చేయిస్తే మెక్సికో ఆదివాసులు ఇంత, స్పెయిన్ ఇంత, ఆఫ్రికా కొంచెం అని వచ్చింది. అజ్టెక్ అన్న మాటే లేదు. పాపం, డీలా పడిపోయాడట.

ఎందుకు లేదో నాకు నేనుగా చదివి తెలుసుకున్నాను. మెషికా అనే జనం 1325 ప్రాంతంలో తెనోచ్‌తిత్లాన్ నగరం కట్టుకున్నారు. తర్వాత మూడు నగరాలు ఒక్కటై రాజ్యమైంది. ఎన్నో భాషల వాళ్ళు ఆ రాజ్యానికి కప్పం కట్టారు. 1521లో స్పెయిన్ వాడు కోర్తెస్ దాన్ని పడగొట్టినప్పుడు అతని వెంట నడిచినవాళ్ళలో ఎక్కువమంది అక్కడివాళ్ళే, అజ్టెక్‌లంటే పడని త్లష్కలా జనం. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత ఒక మనిషి రక్తంలో గెలిచినవాడు, ఓడినవాడు, కప్పం కట్టినవాడు అందరూ ఉంటారు. రాజ్యానికి రక్తపు గుర్తు ఉండదు.

మనకు దగ్గరి ఉదాహరణ చెబుతాను. అదే 1521లో విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు ఏలుతున్నాడు. ఆ రాజ్యంలో తెలుగు, కన్నడ, తమిళం, తుళు అన్నీ ఉన్నాయి. 1565లో తళ్ళికోట యుద్ధం అయ్యాక రాజధాని పెనుకొండకు మారింది. మా ఇంట్లో కథ అక్కడే మొదలవుతుంది. పెనుకొండ నుంచి పశువుల్ని తోలుకుని, రాగులు మూటగట్టుకుని మొరసునాటికి వచ్చామని మా నాయన చెప్పేవాడు. మా తమ్ముడి కొడుకు గొట్టాన్ని అడుగుతున్నది ఈ పెనుకొండ సంగతే.

నేను కామర్సు చదివినవాణ్ణి. కాగితం, పెన్సిలు తీశాను. ఒక మనిషికి తల్లిదండ్రులు 2, తాతలూ అవ్వలూ కలిసి 4, ఆపైన 8. తరానికి పాతికేళ్ళు వేసుకుంటే నాలుగు వందల ఏళ్ళకు 16 తరాలు. లెక్క 65,536 దగ్గర ఆగింది! చక్రవడ్డీ వెనక్కి నడిచినట్టు ఉంది. మేనరికాలు ఉన్నాయి కనుక నిజానికి మనుషులు ఇంతకంటే తక్కువే ఉంటారు. అయినా ఒక్కొక్కరి నుంచి మనకు చేరే వాటా ఎంత? చాలామంది నుంచి సున్నా. పది తరాలు దాటితే, నిజంగా మన పూర్వీకుడే అయినా మన ఒంట్లో అతని గుర్తు ఏమీ మిగలకపోవచ్చు.

ఇంకో చిక్కు. బ్యాంకులో చెక్కు మీద సంతకాన్ని మా దగ్గరున్న నమూనా సంతకంతో పోల్చి చూస్తాం. కార్డు లేకపోతే పోల్చడానికి ఏమీ లేదు. ఈ పరీక్షా అంతే. 2015లో ముగిసిన 1000 జీనోముల పథకంలో ప్రపంచమంతటా 26 జనసముదాయాల నుంచి 2,504 మంది నమూనాలు ఉన్నాయి. వాటిలో తెలుగువాళ్ళవి 102. ఆ 102 మందీ బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు! పెనుకొండ కార్డు వేరు, కెలమంగలం కార్డు వేరు అని ఉంటేనే కదా ఏది ఎవరిదో తేలేది?

అలాగని ఈ శాస్త్రాన్ని తీసిపారేయకూడదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్ అమెరికా వాళ్ళతో కలిసి 2009లో ఒక పెద్ద పరిశోధన ప్రకటించారు. మనదేశంలో దాదాపు అందరూ రెండు ప్రాచీన జనాల కలయికేనని తేల్చారు. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందట జరిగిందనీ, ఆ తర్వాతే కులం లోపల పెళ్ళిళ్ళు గట్టిపడ్డాయనీ 2013లో చెప్పారు. అంటే ఈ పరీక్ష వేల ఏళ్ళ కిందటి సంగతి చెప్పగలదు, నాలుగైదు తరాల లోపు చుట్టాన్నీ పట్టివ్వగలదు. మనం అడిగే నాలుగు వందల ఏళ్ళ నడిమి కాలమే దానికి అందదు.

నాలుగైదు తరాల లోపు అన్నానే, నా భయం అక్కడుంది. మా తాత ఆ ఇంట పుట్టినవాడు కాదు. దత్తు వచ్చినవాడు. మా ఇంటిపేరు, పెనుకొండ కథ రెండూ పెంచినవాళ్ళవి. పిల్లలకు ఈ సంగతి ఎవరమూ చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పే సందర్భం రాలేదు.

మా మేనత్తకు 84 ఏళ్ళు. గొట్టం తీసుకెళ్ళి చూపించాను. తిప్పి తిప్పి చూసి, "మా నాయన ఎవురి బిడ్డో ఉమ్మి చూసి చెప్పేకి వాళ్ళెవురప్పా?" అంది. నేను మాట్లాడలేదు. కాసేపటికి తనే లేచి ట్రంకుపెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన కాగితం తీసింది. ఐదో జార్జి బొమ్మ ఉన్న స్టాంపు కాగితం. 1915లో రాసిన దత్తపత్రం. తాతను కన్నవాళ్ళ పేర్లున్నాయి, ఊరు పేరూ ఉంది. కుప్పం దగ్గర ఒక పల్లె. ఐదేళ్ళ పిల్లవాణ్ణి అక్కడి నుంచి ఎద్దులబండి మీద తెచ్చారట.

సాయంత్రం ఆ కాగితం మా వాడి చేతిలో పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి నా ముఖం చూశాడు. వాడికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. వాడు చదివింది ఇంగ్లీషు బడి. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో ఉన్న పిల్లలకూ 2006లో వచ్చిన చట్టంతో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవలసిందే, అందులో నాకు తగువు లేదు. కానీ ఇంట్లో ఎవరో ఒకరు తెలుగు కూడా నేర్పకపోతే ఇలాంటి కాగితాలు ఎవరు చదువుతారు? నేనే చదివి వినిపించాను. వాడు చాలాసేపు మౌనంగా ఉండి, "అవ్వ నన్నేమైనా అనుకుందా?" అని అడిగాడు.

నేను ఉమ్మి ఇవ్వలేదు. బ్యాంకు వాడిగా ఒక్క మాట చెప్పాను. ఇది ఉమ్మడి ఖాతా. ఒక్కరు సంతకం పెడితే అన్నదమ్ములు, అత్త, పుట్టబోయే పిల్లలు అందరి లెక్కా బయటపడుతుంది. 2023లో ట్వంటీ త్రీ అండ్ మీ అనే కంపెనీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2025 మార్చిలో అది దివాలా కోర్టుకెక్కింది. పిన్ నంబరు పోతే మార్చుకుంటాం, డి.ఎన్.ఎ. పోతే ఏం మారుస్తాం? వాడు ఒప్పుకుని, అవ్వ సరే అనేదాకా చుట్టాల జాబితాలో తన పేరు కనిపించకుండా ఆపేశాడు.

మర్నాడు వాణ్ణి రాయకోట టమాటా మండీకి తీసుకెళ్ళాను. టమాటా అన్నది ఆ అజ్టెక్‌ల నావాట్ల్ భాష మాట. మెక్సికోలో ఆ భాష మాట్లాడేవాళ్ళు 2020 లెక్కల్లో కూడా 16 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ళ మాటను మన రైతు రోజూ పొద్దున్నే గట్టిగా అరిచి అమ్ముకుంటున్నాడు. ఈ సంగతి చెబితే మా వాడు అక్కడే ఫోను తీసి ఆ డల్లాస్ స్నేహితుడికి ఫోటో పంపాడు.

ఇప్పుడు వాడికి ఆదివారం ఆదివారం ఫోనులో అక్షరాలు దిద్దిస్తున్నాను. గుణింతాల దగ్గర ఉన్నాం. అత్త మాత్రం నిన్న హఠాత్తుగా, "కుప్పానికి బస్సు ఎన్ని గంటలకప్పా?" అని అడిగింది. ఎండలు ముదరకముందే ఆమెను తీసుకుని ఆ పల్లెకు వెళ్ళి రావాలి.

పాఠకులారా, మీ ఇంట్లోనూ పెట్టె అడుగున ఏదో ఒక కాగితం ఉండే ఉంటుంది. దాన్ని చదివి చెప్పగల పెద్దవాళ్ళు ఉండగానే ఈ సెలవుల్లో తీసి చూడండి. గొట్టం సంగతి తర్వాత ఆలోచించవచ్చు.