పటం విప్పేటప్పుడు తొందర వద్దు

పెత్తరమాస దగ్గరికి వస్తున్నది. దాని వెంటనే బతుకమ్మ, దసరా. మన సోలాపూర్ ఇండ్లల్ల గోడమీది పెద్దల పటాలు కిందికి దిగేది ఈ రోజుల్లోనే. దుమ్ము తుడుస్తరు, బొట్టు పెడతరు, దండ మారుస్తరు. అంతవరకు మంచిదే. అద్దం లోపల తెల్ల మచ్చలో, కాగితం తినే పురుగో కనిపిస్తే మాత్రం "విప్పి సాఫు చేద్దాం" అని పిల్లలు పేచ్‌కస్ పట్టుకొని కూర్చుంటరు. నష్టం జరిగేది అక్కడ.

ఫ్రేము విరిగితే ఇంకో ఫ్రేము దొరుకుతది. అద్దం పగిలితే కొత్త అద్దం కోసి ఇస్తరు. లోపలి ఫోటో పోతే మళ్ళీ రాదు. మన అమ్మానాయనల కాలంలో ఒక మనిషికి జన్మంతా కలిపి రెండు మూడు ఫోటోలు ఉంటే ఎక్కువ. చాలా ఇండ్లల్ల మిల్లు గేటు పాసు ఫోటోనే పెద్దది చేయించి పటం కట్టించిన్రు. దాని నెగటివ్ ఎక్కడుందో ఎవరికీ తెల్వదు.

పోయిన వానాకాలం మా గల్లీలో ఒక ఇంట్ల ఇదే జరిగింది. లోపల మరకలున్నయని మనుమడు ఫ్రేము విప్పి ఫోటోను ఒక్క గుంజు గుంజిండు. కాగితం చేతికొచ్చింది, తాత ముఖం అద్దానికే ఉండిపోయింది. ఆ అవ్వ పిల్లగాణ్ణి ఒక్క మాట అనలేదు. గోడమీద ఆ జాగ మాత్రం ఇప్పటికీ ఖాళీగనే ఉన్నది.

ఫోటో అద్దానికి ఎందుకు అంటుకుంటది? పాత ఫోటో కాగితం మీద జెలటిన్ పొర ఉంటది. బొమ్మ ఉండేది ఆ పొరలోనే. తేమ తగిలితే అది మెత్తబడి జిగటయితది, ఎదురుగ ఉన్న అద్దాన్ని పట్టుకుంటది. ఎండలు రాగానే అట్లనే ఎండి గట్టిపడతది. మగ్గాల ఖాతాలో నూలు తెగొద్దని గాలిలో తేమ పెట్టేది మనకందరికీ ఎరుకే. నూలుకు మేలు చేసే ఆ తేమనే ఫోటోకు కీడు చేస్తది.

ఇక పని సంగతి. పటం గోడమీద ఉన్నప్పుడే ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత ఏమైనా ముఖం మిగులుతది. 12 అంగుళాలు, 18 అంగుళాల పటంలో ఉత్త అద్దమే ముప్పావు కిలోకు దగ్గర ఉంటది. వెనక తీగ తుప్పు పట్టి ఉంటది, కాబట్టి తీగ పట్టి దించొద్దు. కింది అంచు కింద ఒక చెయ్యి, పక్కన ఒక చెయ్యి పెట్టి దించాలె. అద్దం పగిలి ఉంటే దించకముందే దాని మీద అడ్డం నిలువు టేపు అతికించండి. టేపు అద్దం మీద మాత్రమే.

బల్ల మీద చెద్దరు నాలుగు మడతలు వేసి పటాన్ని బోర్లా పెట్టండి. కాళ్లకు చెప్పులు, చేతులకు మందం గ్లౌజులు ఉండాలె. చిన్న పిల్లల్ని ఆ గదిలోకి రానీయొద్దు.

వెనక కాగితాన్ని చూడకుండ చింపొద్దు. స్టూడియో ముద్ర, సంవత్సరం, ఎవరో రాసిన పేరు అక్కడ ఉండొచ్చు. దానిదీ ఫోనుతో ఒక ఫోటో తీసి, అంచు వెంట బ్లేడుతో కోయండి. పట్టుకున్న చేతి దిక్కు బ్లేడు రావొద్దు. లోపల చిన్న చిన్న మొలలు ఉంటయి. పక్కడ్‌తో పట్టుకొని, అట్టకు సమానంగ, అడ్డంగ బయటికి గుంజాలె. పేచ్‌కస్‌ను అట్ట మీద ఆనించి పైకి ఎత్తొద్దు, ఆ బరువంతా కింద అద్దం మీద పడుతది. తీసిన మొలల్ని గిన్నెలో వేసి లెక్కపెట్టండి. పన్నెండు తీస్తే గిన్నెలో పన్నెండు ఉండాలె. ఒక్కటి తక్కువైనా ఎవరి కాలికో గుచ్చుకుంటది.

అట్ట ఎత్తితే పాత కేలెండరో, పేపరో వస్తది. పారేయకుండ ఒక్కొక్కటి చూడండి. అద్దె రసీదులు, మిల్లు కాగితాలు పటం వెనక దాచినవాళ్ళు ఉన్నరు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఫ్రేమును కొంచెం వంచి చూడండి. ఫోటో దానంతట అది కదిలితే సరే. కదలకపోతే అక్కడనే ఆగండి. మగ్గంలో దారం చిక్కుకుంటే గుంజుతమా, మగ్గం ఆపుతమా? గోరు పెట్టొద్దు, కత్తి పెట్టొద్దు, నీళ్ళు చల్లొద్దు, వేడి గాలి కొట్టొద్దు. చేతితో రంగులేసిన పాత ఫోటోలైతే నీళ్ళకు రంగే పోతది. అద్దంతో సహా అట్లనే మూసి, తెలిసిన స్టూడియోకు తీసుకపోండి. అద్దం పైనుంచే ఫోటో తీసి కొత్త ప్రింటు ఇస్తరు. గోడకు కొత్తది పెట్టండి. పాతదాన్ని బట్టలో చుట్టి, బరువు పడకుండ అల్మారీలో పరుపుగ దాచండి.

ఫోటో విడిగ వస్తే అంచులే పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టొద్దు. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. అద్దాన్ని వేరుగ కడిగి, పూర్తిగ ఆరినంకనే పెట్టాలె. తిరిగి పటం కట్టించేటప్పుడు మౌంట్ వేయమని అడగండి. అంటే కిటికీ లాగ కోసిన మందం అట్ట. అది నడుమ ఉంటే ఫోటోకు అద్దం తగలదు. ఫోటోకు సెలోటేపు అంటించనీయొద్దు. కట్టినంక వెనక కింది మూలలకు రెండు రబ్బరు ముక్కలు అతికిస్తే గోడకు పటానికి నడుమ గాలి ఆడతది. మోరీ గోడకు, పొయ్యి పక్క గోడకు పెట్టకండి.

దేవుళ్ళ పటాల గురించి కూడ ఒక మాట. రవివర్మ ప్రెస్సు 1894లో ముంబైలో మొదలై, తర్వాత లోణావళా దగ్గర మళవలీకి పోయింది. ఆ కాలపు లక్ష్మి, సరస్వతి పటాలు కొన్ని ఇండ్లల్ల ఇంకా ఉన్నయి. కొన్నిటి మీద జరీ, పూసలు, గుడ్డ ముక్కలు చేతితో అతికించి ఉంటయి. తడి గుడ్డతో తుడిస్తే ఆ జిగురు విడిచిపోతది.

పగిలిన అద్దాన్ని మందంగ పేపరులో చుట్టి, టేపు వేసి, పైన మరాఠీలో 'కాచ్' అని రాసి పెట్టండి. చెత్త ఎత్తేవాళ్ళూ మనలాంటి కష్టజీవులే. కిందపడ్డ సన్నటి ముక్కల్ని తడిపిన కాటన్ వేస్టుతో అద్ది తీసి, దాన్నీ అందులోనే చుట్టండి.

ఆఖరి పని అందరికన్నా పెద్దవాళ్ళతో చేయించండి. పటం మూయకముందు ఫోటో వెనక అంచున, మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండ, ఆ మనిషి పేరు, ఊరు, మీకు ఏమయితరో రాయించండి. బాల్‌పెన్ను వద్దు, దాని గీత ముందుకు ఉబ్బుతది. ఇంట్ల అవ్వకు గుర్తున్న పేరు రేపు మనుమలకు గుర్తుండదు.

వచ్చే నెల కుట్టు మిషన్‌కు నూనె పెట్టే సంగతి చెప్పుకుందాం.