రోడ్డురోలరు కాదు, కొలబద్ద కావలెను

విశాఖపట్టణ పౌరులకు ఒక విన్నపము



పోలీసువారు మోటారుసైకిళ్లనుండి ఊడదీసిన సైలెన్సర్లను మన సముద్రతీరపు రోడ్డుమీద వరుసగా పఱచి, వానిమీదుగా రోడ్డురోలరును నడిపించిన దృశ్యమును మీలో అనేకులు చూచియుందురు. చూడనివారు పత్రికలలో ఛాయాచిత్రముగానైనను చూచియే యుందురు. మెఱుగు పెట్టిన ఆ గొట్టములు అప్పడములవలె అణగిపోవుచుండ, రాత్రులు నిద్రకు దూరమైన వారి మనస్సులకు అదియొక శాంతిహోమమువలె తోచుట సహజము. నాకును అట్లే తోచినది. అయితే ఆ హోమగుండము చల్లారకమునుపే, అదే రోడ్డుమీద, అదే అర్ధరాత్రివేళ, అదే ధ్వని మరల వినవచ్చినప్పుడు, మనము నలిపినది గొట్టమునే కాని గొట్టమును తెచ్చిపెట్టు వ్యాపారమును కాదని తెలిసివచ్చినది. ఒకటి నలిగిన, అంగడిలో పది వ్రేలాడుచున్నవి. ఈ కరపత్రము ఆ అంగడినిగూర్చియు, ధ్వనిని చెవితోగాక యంత్రముతో కొలువవలసిన ఆవశ్యకతనుగూర్చియు వ్రాయబడినది.

సైలెన్సరు చేయు పనిని ముందుగా ఎఱుంగుట మేలు. ఇంజనులో పెట్రోలు మండినపిదప ఎగ్జాస్టు వాల్వు తెఱచుకొన్న ప్రతిసారియు అధికపీడనముతో కూడిన వాయువు ఒక్క పెట్టున బయటకు దూకును. దానిని అట్లే విడిచిపెట్టిన తుపాకి ప్రేలినట్లుండును. ఈ యుపమానము కవిత్వము కాదు: తుపాకి ధ్వనిని అణచు సాధనమునకు 1909లో పేటెంటు పొందిన హైరమ్ పెర్సీ మాగ్జిమ్ అను అమెరికాదేశీయుడే, ఆ సూత్రమును ఇంజనుల పొగగొట్టములకును వర్తింపజేసినవారిలో ఒకడు. తండ్రి మాగ్జిమ్ మరతుపాకిని సృష్టించిన పేరుగలవాడు. కుమారుడు తుపాకికి నోరు మూయుటకు పూనుకొనెను. ఆ డబ్బాలోపల గదులు గదులుగా విభజించిన అడ్డుపలకలును, జల్లెడవలె రంధ్రములు పొడిచిన గొట్టములును, కొన్నింటియందు గాజు దూదియు నుండును. వాయుతరంగము ఒక గదిలో వ్యాకోచించి, మఱియొక గోడకు తాకి వెనుకకు మఱలి, ఎదురువచ్చు తరంగముతో కలిసి తన బలమును తానే కోల్పోవును. 2020 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న బీఎస్-6 నిబంధనల ప్రకారము వచ్చిన బళ్లలో, ఆ మార్గమునందే ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి లోహములు పూసిన కేటలిటిక్ కన్వర్టరు కూడ అమర్చబడి, విషవాయువులను చాలవఱకు మార్చివేయుచున్నది. కనుక దీనినంతటిని పెఱికివేసినవాడు మన చెవిని మాత్రమే కాక మన ఊపిరిని కూడ దోచుచున్నాడు.

దీనికి మాఱుగా బిగించు గొట్టములకు మెకానిక్కులు ముద్దుపేర్లు పెట్టియున్నారు: షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్, పంజాబ్, ఇండోర్. కొన్నింటి మూతిలో డీబీ కిల్లర్ అను చిన్న బిరడా యుండును. అది ఒక్క మరతో ఊడివచ్చును, ఊడివచ్చుటకే అట్లు చేయబడినదేమో అని అనుమానము కలుగును. ఇవి యన్నియు సైలెన్సర్లు అను పేరుతోనే అమ్ముడుపోవుచున్నవి. నిశ్శబ్దము పేరుతో శబ్దమును విక్రయించు ఇటువంటి వర్తకము మఱియొకటి నాకు కానరాలేదు.

నేనీ మాటలను దోషమెఱుగని వానివలె చెప్పుటలేదు. మైసూరునందు తయారైన యెజ్డీ బండి నాకును ఒకప్పుడుండెడిది. దాని జంట సైలెన్సర్లలోని బాఫిల్ గొట్టములను, మసి తుడిచెదనను నెపముతో పైకి లాగి, మరల లోపల పెట్టక, కొన్ని మాసములు ఊరంతయు చాటుచు తిరిగితిని. సింహాచలము ఘాట్ రోడ్డు ఎక్కుచుండగా బండి మునుపటివలె లాగక, రెండవ గేరునకు దిగి, ఆపై మొదటి గేరునకు దిగి, నన్ను అవమానపఱచెను. కొండక్రింద నున్న మెకానిక్కు నవ్వి, "సప్పుడు పెరిగిందని సంబరపడతన్నావు గానీ బాబూ, బండి దమ్మంతా ఎనకాల నుంచి పోతంది" అనెను. ఆ మాటలోని శాస్త్రము నాకు చాలకాలమునకు తెలిసినది. టూ-స్ట్రోక్ బండిలో సైలెన్సరునుండి వెనుకకు మఱలు తరంగమే, బయటకు జారిపోబోవు తాజా ఇంధనమును సిలిండరులోనికి త్రోయును; ఆ గొట్టమును తీసివేసిన ఇంధనము వృథా, బలము వృథా. నేటి ఫోర్-స్ట్రోక్ బళ్ల సంగతి కొంత వేఱు. అయినను, ఇంధనపు పాళ్లను దానికి తగినట్లు సరిచేయక గొట్టము మాత్రము మార్చినవానికి దక్కునది వేగము కాదు, వేగముగా పోవుచున్నామను భ్రాంతి మాత్రమే.

ఇక కొలతల మాట. 175 సీసీకి మించిన మోటారుసైకిలు తయారైనప్పుడు దాని ధ్వని 80 డెసిబెళ్లు దాటరాదనియు, 80నుండి 175 సీసీ వఱకు గలవానికి 77 అనియు కేంద్రప్రభుత్వము విధించియున్నది. డెసిబెలు లెక్క మన కూడికవంటిది కాదు. పది పెరిగినప్పుడెల్ల ధ్వనిశక్తి పదిరెట్లగును. కావున 80 స్థానమున 100 పలికించు బండి, ఇరువది పాళ్లు అధికముగా కాదు, నూఱు రెట్ల శక్తితో మన కిటికీలను తట్టుచున్నది. నివాసప్రదేశములలో రాత్రి పదినుండి ఉదయము ఆఱువఱకు 45 డెసిబెళ్లకు మించరాదని 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమములు చెప్పుచున్నవి. ఆసుపత్రులకు నూఱు మీటర్ల లోపల అది 40. 1923నుండి ఉత్తరాంధ్ర పేదలకు దిక్కైయున్న కింగ్ జార్జి ఆసుపత్రి సముద్రమునకు ఎంతో దూరమున లేదు. అచ్చట శస్త్రచికిత్స జరిగి మేలుకొనియున్నవానికి ఈ అంకెలతో పనిలేదు. వానికి తెలియునది ఉలికిపాటు ఒక్కటియే.

చట్టము లేదా? కలదు, కావలసినంత కలదు. ప్రతి మోటారు వాహనమునకును ధ్వనిని సాధ్యమైనంత తగ్గించు సైలెన్సరు ఉండితీరవలెనని 1989 కేంద్ర మోటారు వాహన నియమములలోని 120వ నియమము. తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 1988 చట్టములోని 52వ విభాగము. అట్లు మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయైనను, ఆఱు మాసముల వఱకు కారాగారమైనను, రెండునైనను విధింపవచ్చునని 2019 సవరణతో వచ్చిన 182ఏ విభాగము. ధ్వని హద్దులను మీఱి నడపినవానికి 190వ విభాగము క్రింద 10,000 రూపాయలవఱకు జరిమానాయు, మూడు మాసములు లైసెన్సు అనర్హతయు కలవు. ప్రశాంతముగా జీవించుట రాజ్యాంగము ఇరువదియొకటవ అధికరణమున ఇచ్చిన జీవితహక్కులో భాగమేయని సర్వోన్నత న్యాయస్థానము 2005 జూలై 18న తీర్పు చెప్పియున్నది.

అయితే ఈ వలలో పడువాడెవడు? నడుపు కుఱ్ఱవాడు. విడిభాగములను అమ్మువానిని శిక్షించు నిబంధన, భద్రతకు కీలకములని ప్రభుత్వము ప్రకటించిన భాగములకు మాత్రమే పరిమితమైయున్నది. కావుననే పట్టపగలు, గాజు బీరువాలో, పందెములకు మాత్రమే అను చిన్న అక్షరముల ముద్రతో ఈ గొట్టము అమ్ముడుపోవుచున్నది. మన ఊరిలో నెలకు ఎన్ని పందెములు జరుగుచున్నవో అమ్మువాడెఱుగును, కొనువాడెఱుగును. ఎఱుగనట్లు నటించునది ప్రభుత్వ మొక్కటియే.

రెండవ లోపము ఇంకను విచారకరము. రోడ్డుమీద నిలిచిన కానిస్టేబులుచేత, తఱచుగా, చెవి తప్ప వేఱు సాధనము లేదు. ఫ్యాక్టరీనుండి వచ్చినది వచ్చినట్లే యున్న బుల్లెట్టు దాని సహజమైన గంభీరధ్వనిచేత ఆపబడుచుండగా, పోలీసును చూచినంతనే యాక్సిలరేటరు వదలి పిల్లివలె జారుకొను బండి తప్పించుకొనుచున్నది. చెవి సాక్ష్యముతో విధించిన జరిమానా న్యాయమైనను న్యాయమువలె కనబడదు.

కొలుచుట కష్టమా? కాదు. నిలిచియున్న బండి ధ్వనిని కొలుచు పద్ధతి మన భారతీయ ప్రమాణములలోనే, ఐఎస్ 10399 అను సంఖ్యతో, ఎన్నడో చేరియున్నది. ఐరోపాలో పొగగొట్టపు మూతికి అరమీటరు దూరమున, నలుబదియైదు డిగ్రీల కోణమున మైకును నిలిపి, ఇంజనును నిర్ణీతవేగమున తిప్పి, వచ్చిన అంకెను బండి చట్రముమీది పలకపై చెక్కుదురు. ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతమున 2020నుండి, ఆ అంకె 95 దాటిన బళ్లకు కొన్ని కొండదారులయందు వేసవిలో ప్రవేశమే లేదు. పారిస్ నగరమున బండిని ఆపకయే ధ్వనిని పసిగట్టి నంబరును ఛాయాచిత్రము తీయు యంత్రములను 2022లో పరీక్షకు నిలిపిరి. అంతటి వ్యయమును నేను కోరుటలేదు. ప్రతి ట్రాఫిక్ పోలీసు స్టేషనునకు ఒక కొలబద్దయు, ప్రతి ఆర్‌సీ పుస్తకమునందు ఒక అంకెయు చాలును.

అంగడినిగూర్చి నేను కోరునదిది: ఆమోదముద్ర లేని సైలెన్సరును అమ్ముటయు, బిగించుటయు నేరమని రాష్ట్రప్రభుత్వము కేంద్రమునకు వ్రాసి చట్టమున స్పష్టపఱుపించవలెను, అంతవఱకు అమ్మినవాడు బిల్లుమీద బండి నంబరు వ్రాయునట్లైనను చూడవలెను. కుఱ్ఱవానివిషయమున మాత్రము కొంత కనికరము నా కోరిక. మొదటిసారి పట్టుబడినవానికి వారముదినములు గడువిచ్చి, కంపెనీ సైలెన్సరు బిగించుకొని వచ్చి చూపిన జరిమానా లేకుండ విడువవలెను. రెండవసారికి చట్టమున్నది.

పెద్ద ధ్వని ప్రాణరక్షకమని, ఎదుటివారు విని తొలగుదురని, కొందఱు వాదింతురు. గొట్టపు మూతి వెనుకకు తిరిగియుండునుగదా! అద్దములు మూసి, పాట పెట్టుకొని ముందు పోవు కారువానికి అది వినబడునప్పటికి బండి వాని ప్రక్కకే వచ్చియుండును. తలకు శిరస్త్రాణము లేక, ధ్వనినే కవచముగా నమ్మినవారిని చూచిన నాకు జాలి కలుగును.

ధ్వనియందలి ఆనందమును మాత్రము నేను కాదనను. హార్లే-డేవిడ్సన్ సంస్థ తన ఇంజను ధ్వనిని ట్రేడ్‌మార్కుగా నమోదు చేయుటకు 1994లో దరఖాస్తు పెట్టి, ఆఱేండ్లు పోరాడి 2000లో విరమించుకొన్నది. ధ్వని ఒక వ్యక్తిత్వమను భావము అంత బలమైనది. కాని కుఱ్ఱవాడు కొనుచున్నది తన బండి స్వరమును కాదు. దానిని త్రొక్కివేసి, పది ఇతర బండ్లవలెనే అఱచు రేకుగొట్టమును.

ఈ కరపత్రము చదివినవారు తమ వార్డు కార్పొరేటరునకును, రవాణాశాఖ కార్యాలయమునకును ఒక్కొక్క ఉత్తరము వ్రాయుడు. అందు కొలబద్దను అడుగుడు, రోడ్డురోలరును కాదు. ఇంటిలో బండి గల తలిదండ్రులు ఇంతకన్న సులభమైన పని యొకటి చేయవచ్చును. మాఱుగొట్టమును బిగించుటకై ఊడదీసిన కంపెనీ సైలెన్సరు, బండి అమ్మునాడు పనికివచ్చునని, సాధారణముగా అటకమీద గోనెసంచిలో చుట్టి దాచబడియుండును. ఈ యాదివారము దానిని దించి, రెండు బోల్టులు బిగింపించుడు. తుప్పు పట్టియుండిన, డీజిలులో తడిపిన గుడ్డతో తుడిచిన చాలును.