మా అవ్వ గుడిని నేనెందుకు వదలాలి?

మొన్న మదనపల్లెలో ఒక సాహిత్య సభకు వెళ్ళాను. స్త్రీల రచనల మీద రోజంతా చర్చ. మధ్యాహ్నం భోజనాల దగ్గర కళ్ళజోడు కోసం సంచీ వెతుకుతుంటే జపమాల జారి కింద పడింది. పక్కనున్న మిత్రురాలు తీసి నా చేతికిస్తూ, "నువ్వింకా గుడికి పోతున్నావా? ఇంత చదివి, ఇన్ని రాసి?" అంది. ఆమె మీద నాకు కోపం లేదు. నా మొదటి కథ అచ్చయినప్పుడు వెతుక్కుని ఉత్తరం రాసిన మనిషి. కానీ ఆ ఉదయం సభ మొదలైంది సరస్వతి పటం ముందు దీపం వెలిగించి. వెలిగించిన వాళ్ళలో ఆమె కూడా ఉంది. "నువ్వింకా దీపం వెలిగిస్తున్నావా?" అని ఆమెను ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు. ఇంటికొచ్చాక నన్ను నిద్రపోనివ్వనిది అదే. పెద్ద మతం సంస్కృతిగా చెల్లిపోతుంది. మాది మాత్రం మూఢనమ్మకంగా మిగిలిపోతుంది. విస్తరి ముందు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. మేం శ్రీసభ అని పిలుచుకునే మా సంస్థలో ఆడది గురువు కాలేదు. గర్భం గురించీ, గర్భనిరోధం గురించీ నియమాలు రాసిన వాళ్ళెవరూ కడుపు మోసిన వాళ్ళు కారు. కేరళలో ఒక సిస్టర్ బిషప్పు మీద అత్యాచారం కేసు పెడితే, 2018 సెప్టెంబరులో ఆమె తోటి సిస్టర్లు కొచ్చిలో రోడ్డు పక్కన దీక్షకు కూర్చోవలసి వచ్చింది. 2022 జనవరిలో కొట్టాయం కోర్టు ఆ బిషప్పును నిర్దోషి అంది. ఆ రోజు నేను జపమాల పట్టుకోలేదు. మా కడప మేత్రాసనంలో 2016లో దళితుడైన బిషప్పును ఎత్తుకుపోయి కొట్టారు. ఆ కేసులో అరెస్టయిన వాళ్ళలో గురువులు కూడా ఉన్నారు. ఇవి నాకెవరూ చెప్పనక్కర్లేదు. తెలిసే ఉన్నాను.

నేను బి.ఏ. చదివింది మదనపల్లె బెసెంట్ థియొసాఫికల్ కాలేజీలో. 1915లో ఆ కాలేజీ పెట్టించిన అనీ బెసెంట్ ఒక ఆంగ్లికన్ ఫాదిరీ భార్య. నమ్మకం పోయాక సత్ప్రసాదం తీసుకోవడం అబద్ధమవుతుందని నిరాకరించింది. 1873లో భర్త నుంచి విడిపోయింది. నాస్తికురాలనీ, గర్భనిరోధం గురించి పుస్తకం అచ్చేసిందనీ 1878లో కోర్టు ఆమె కూతుర్ని కూడా లాక్కుంది. ఆమె పటం కింద కూర్చుని చదువుకున్న దాన్ని. వదిలి వెళ్ళడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. ఆమెకు దణ్ణం పెడతాను. కానీ వెళ్ళడానికి మాత్రమే ధైర్యం కావాలి, ఉండడానికి బానిసత్వం చాలు అనే లెక్క ఉంది చూడండి, దానితోనే నా పేచీ.

మా అవ్వది పుంగనూరు. మాది విదేశీ మతం అనేవాళ్ళకు ఒక మాట. ఫ్రెంచి జెస్యూట్లు పుంగనూరుకు వచ్చింది 18వ శతాబ్దం మొదట్లో. కాషాయం కట్టి, మాంసం మాని, సన్యాసుల్లా బతికారు. పెద్ద కులాల వాళ్ళు దగ్గరికి రావాలని చేసిన పని అది. ఆ దారినే కులమూ గుడిలోకి వచ్చింది. 1744లో పోపు 14వ బెనెడిక్ట్ గట్టిగా ఆజ్ఞ ఇస్తే, అంటరాని వాళ్ళ కోసం వేరే గురువుల్ని పెట్టడం పరిష్కారమైంది. దేవుడొక్కడే, ఫాదర్లు మాత్రం వేరు వేరు. కాబట్టి మా గుడిలో కులం లేదని నేను చెప్పను.

అయినా అవ్వ గుడి వదల్లేదు. ఆమె చింతపండు కొట్టే కూలికి పోయేది. టీ అంగట్లో ఆమెకు వేరే గలాసు. గుడిలోనూ వెనకే కూర్చునేది. కానీ పూజలో ఆమె నాలుక మీద పెట్టిన అప్పం రెడ్డిగారి నాలుక మీద పెట్టిన అప్పమే. "ఆ సామి ముందర నాకు వేరే గలాసు లేదు మే" అనేది. అక్షరం రాని మనిషి. ఏ సిద్ధాంతమూ ఆమెకు ఆ మాట నేర్పలేదు. వెనక వరసలో కూర్చోబెట్టిన వాళ్ళది తప్పని ఆమెకు తెలిసింది ఆ అప్పం వల్లే. నా స్త్రీవాదానికి మొదటి పాఠం అక్కడే దొరికింది.

ఆ అప్పానికి మేం ధర కూడా చెల్లించాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు మాత్రమే షెడ్యూల్డు కులాల వాళ్ళు. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. మమ్మల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులకు బీసీ-సి, ఒక్క శాతం. మా చిన్నాయన పిల్లల్ని బడిలో హిందువులని రాయించాడు. నాయన రాయించలేదు. "సామిని దాచిపెట్టి సర్టిఫికెట్టు తెచ్చుకోవాల్నా?" అన్నాడు. చిన్నాయన పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి. వాళ్ళను నేను తప్పుపట్టను, తప్పు ఆ ఉత్తర్వుది. నాకు ఉద్యోగం ఎనిమిదేళ్ళు ఆలస్యమైంది. 2023 మార్చిలో అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీ కేసులో, క్రైస్తవాన్ని పాటిస్తూ ఎస్సీ సర్టిఫికెట్టు అడగడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. ఊళ్ళో మాత్రం మమ్మల్ని మా పాత కులం పేరుతోనే తిడతారు. ఇంత ధర పెట్టి నిలబెట్టుకున్నదాన్ని "ఇంకా ఎందుకు?" అని ఒక్క మాటతో తీసేస్తే ఎట్లా?

చరిత్ర రాసే మిత్రులకూ ఒక ఫిర్యాదు. తెలుగు ఆడపిల్లల చదువు అనగానే 1874, ధవళేశ్వరం, వీరేశలింగం అంటాం. ఫిరంగిపురంలో పుట్టి కీలచ్చేరికి కాపురానికి వెళ్ళిన జ్ఞానమ్మ, భర్త పోయాక, 1863లోనే అక్కడ ఆడపిల్లలకు బడి పెట్టింది. వితంతువు తనే బడి పెట్టిన కథ కన్నా, వితంతువును ఉద్ధరించిన మగవాడి కథే మనకు ఎక్కువ గుర్తుంది. ఆమె చేతిలో శిలువ ఉండబట్టి మన స్త్రీల చరిత్రలో చోటు దొరకలేదా?

ఇప్పుడు కుప్పంలో పాఠాలు చెబుతున్నాను. అక్టోబరులో ఇంటింటా జపమాల చెప్పుకుంటాం. తెలుగు, తమిళం, కన్నడం కలిసిపోతాయి. వచ్చేవాళ్ళలో తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరులో ఇళ్ళపనికి పోయి రాత్రికి తిరిగొచ్చే ఆడవాళ్ళున్నారు. మన సభలకు వీళ్ళు రారు, మనం పిలవనూ లేదు. జపమాల అయ్యాక గ్రూపు లోను కంతులు, మొగుడి తాగుడు, కూతురి చదువు అన్నీ బయటికొస్తాయి. ఒకసారి లూకా సువార్తలో మరియమ్మ పాడిన పాట చదివాను. గద్దెలెక్కిన వాళ్ళను దేవుడు దించేస్తాడని ఒక పల్లెటూరి పిల్ల పాడుతుంది. విన్న ఒకామె, "మా ఇంట్లో గద్దెనెక్కినోడు ఎప్పుడు దిగుతాడో?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు కోసమైనా నేనా గదిలో ఉండాలి.

మా గురువులకు చెప్పవలసింది వేరే ఉంది. పవిత్ర గురువారం నాడు ఫాదరు పన్నెండు మంది కాళ్ళు కడుగుతాడు. పన్నెండు మందీ మగవాళ్ళే. 2016 జనవరిలో పోపు ఫ్రాన్సిస్ ఆ నియమం మార్చారు, ఆడవాళ్ళ కాళ్ళూ కడగవచ్చన్నారు. నేను అంతకుముందు పనిచేసిన ఊళ్ళో మేం ఆ కాగితం పట్టుకుని ఫాదరు దగ్గరికి వెళ్ళాం. "పెద్దలు ఒప్పుకోరమ్మా" అన్నాడు. ఆ ఏడు మళ్ళీ పన్నెండు మందీ మగవాళ్ళే. మరుసటి ఏడు కొత్త ఫాదరు వచ్చాడు, నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టాడు. టమోటా మండీలో కాయలు ఏరే ఒకామె, పళ్ళెం దగ్గరికి రాగానే కాళ్ళు చీర కిందికి లాక్కుంది. మడమలు పగిలి ఉన్నాయని సిగ్గు. ఆయన నీళ్ళ చెంబు పట్టుకుని, ఆమె కాలు చాపేదాకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. ఆయన బదిలీ అయ్యాక మళ్ళీ మగవాళ్ళే కూర్చున్నారు. అందుకే అయ్యా, మీ దయ నాకొద్దు. ఫాదరు మారితే పోయేదాన్ని హక్కనరు. నేను గుడిలో ఉన్నది ఆ పీట మీద నా చోటు అడగడానికి కూడా.

నేను వెళ్ళిపోతే ఆ పీట ఎవరికి మిగులుతుంది? అవ్వను వెనక కూర్చోబెట్టిన వాళ్ళకే. అవ్వ కూలి డబ్బుల్లోంచి కానుక వేసి నిలబెట్టిన గుడి అది. నా వాటా ఉంది.

మిత్రమా, వచ్చే సభకూ వస్తాను. జపమాల సంచీలోనే ఉంటుంది. కింద పడితే తీసివ్వు. దాని గురించి అడగాలనిపిస్తే అడుగు. ఆ తర్వాత నీ దీపం గురించి నేనూ అడుగుతాను. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం.